విదేశాలకు వెళ్లేటప్పుడు టీవీ: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల అనుభవం

విదేశానికి కాపురం మార్చేవారు ఇంట్లోని టీవీని వెంట తీసుకుపోవాలా, ఇక్కడే వదలాలా అన్నది చూడటానికి చిన్న ప్రశ్న. తీరా లెక్క వేయడం మొదలుపెడితే కరెంటు వోల్టేజీ, ప్రసార పద్ధతి, విమానంలో ఒప్పుకునే పెట్టె కొలత, ఓడ కార్గో ఖర్చు, రెండు దేశాల కస్టమ్స్ నియమాలు, ఇంటి భాష, ఊళ్లో మిగిలే పెద్దవాళ్ల అవసరం అన్నీ అందులోకి వస్తాయి. రాయలసీమ దక్షిణపు అంచున ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి గల్ఫ్‌కూ అమెరికాకూ వెళ్లినవారి విషయంలో ఈ ప్రశ్నకు దశాబ్దాలుగా ఒకటే జవాబు: తీసుకుపోనక్కరలేదు. జవాబు మారలేదు గానీ దాని వెనక కారణాలు పూర్తిగా మారిపోయాయి. పైగా ఈ ప్రాంతంలో టీవీ చేసిన అసలు ప్రయాణం బయటికి కాదు, లోపలికి. అందువల్ల ఆ రాకను చెప్పకుండా ఈ పోకను వివరించడం కుదరదు.

ఊళ్లు, దారులు

మదనపల్లె, పుంగనూరు పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాలకు ముఖ్య పట్టణాలు. కుప్పం అదే జిల్లాకు దక్షిణపు కొస. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది, పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే ఉండిపోయాయి. మదనపల్లెకు టమాటా మార్కెట్టు, నీరుగట్టువారిపల్లె పట్టు మగ్గాలు, 1915లో మొదలైన బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల పేరు తెచ్చాయి. పుంగనూరు అనగానే పొట్టి ఆవులు గుర్తుకొస్తాయి. కుప్పం ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక కలిసే చోట ఉంది. గ్రానైట్ గనులకూ 1997లో నెలకొల్పిన ద్రావిడ విశ్వవిద్యాలయానికీ అది నెలవు.

మూడు ఊళ్లకూ దగ్గరి అంతర్జాతీయ విమానాశ్రయం బెంగళూరుదే. 2008 మేలో దేవనహళ్లి విమానాశ్రయం తెరుచుకున్నాక మదనపల్లె, పుంగనూరు వైపు నుంచి అక్కడికి చేరడం మరింత సులువైంది. అంతకుముందు గల్ఫ్ ప్రయాణమంటే ఎక్కువగా మద్రాసు, లేదంటే రేణిగుంట మీదుగా రైల్లో బొంబాయి. ఓడలో సామాను పంపాలంటే ఇప్పటికీ చెన్నై రేవే ఆధారం. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని కంటైనర్ డిపోలో కస్టమ్స్ పని ముగించుకుని అక్కడి నుంచి రేవుకు పంపే వీలు కూడా ఉంది.

ఎవరు ఎక్కడికి వెళతారన్నదాన్ని బట్టే టీవీ ప్రశ్న రూపం మారుతుంది. పాత కడప జిల్లా రాజంపేట, రాయచోటి నుంచి పీలేరు, మదనపల్లె దాకా ఉన్న నేల చాలాకాలంగా కువైట్‌కు మనుషుల్ని పంపుతోంది. అందులో ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు, డ్రైవర్లు, వంటవాళ్లు ఎక్కువ. ఇంజనీరింగ్ కళాశాలలు వచ్చిన తరువాత అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్, కెనడాలకు చదువు కోసమూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసమూ వెళ్లేవారు పెరిగారు. కుప్పం నుంచి మొదటి మజిలీ చాలామందికి బెంగళూరే. అక్కడ నాలుగేళ్లు పనిచేసి, అద్దె ఇంట్లో పెద్ద టీవీ అమర్చుకున్న తరువాత కంపెనీ విదేశానికి పంపుతుంది. టీవీని ఏం చేయాలన్న ప్రశ్న నిజంగా ఎదురయ్యేది వీళ్లకే. కువైట్‌లో యజమాని ఇంట్లోనే ఉండి పనిచేసే మనిషికి ఆ ప్రశ్న పుట్టదు. ఆమెకు సొంత గోడ లేదు. చేతిలోని ఫోనే ఆమె టీవీ.

లోపలికి వచ్చిన టీవీలు

తెలుగువారికి దూరదర్శన్ హైదరాబాదు కేంద్రం 1977లో మొదలైంది. మద్రాసు కేంద్రం అప్పటికే 1975 నుంచి నడుస్తోంది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భంగా రంగుల ప్రసారం వచ్చింది. ఆ కాలంలో దేశంలో తయారైన రంగుల టీవీ మధ్యతరగతి ఇంటికి చాలా పెద్ద ఖర్చు. టీవీ పెట్టుకున్నందుకు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టాల్సిన రోజులు కూడా అవే. 1980ల మధ్యలో దాన్ని ఎత్తివేశారు. సరిగ్గా అప్పుడే గల్ఫ్‌లో రెండు మూడేళ్లు పనిచేసినవారు సెలవుకు ఇంటికి రావడం మొదలైంది. వాళ్ల సామానులో టూ ఇన్ వన్, గడియారాలు, సెంటు సీసాలు, నైలెక్స్ చీరలతోపాటు వీలైనవారికి టీవీ, వీసీఆర్ ఉండేవి. సుంకం లేకుండా తెచ్చుకోగల సామాను విలువ తక్కువ, దాన్ని దాటితే పన్ను భారం ఎక్కువ. అయినా తెచ్చారు. టీవీ వచ్చిన ఇంట్లో ఆదివారం సినిమాకు వీధంతా చేరేది. ఆ పెట్టె కువైట్‌లో కష్టపడిన మనిషి పరువుగా ఇంటి మధ్య నిలిచేది.

గల్ఫ్ టీవీ అంత సులువుగా ఈ ఊళ్లలో ఇమిడిపోవడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. దాన్ని ఇంతవరకు ఎవరూ తగినంతగా గుర్తించలేదని నా అభిప్రాయం. కువైట్, ఎమిరేట్స్ దేశాల్లో కరెంటు 220 నుంచి 240 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్రసారం పాల్-బి/జి పద్ధతి, అంటే తెరమీద 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. మన దేశంలోనూ అచ్చంగా అవే. కువైట్‌లో పెట్టె కట్టిన టీవీని మదనపల్లెలో విప్పి, ప్లగ్ మార్చి, యాంటెన్నా తగిలిస్తే పనిచేసింది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ అక్కరలేదు, మెకానిక్ అక్కరలేదు.

అమెరికా టీవీకి ఆ అదృష్టం లేదు. అక్కడిది 120 వోల్టులు, 60 హెర్ట్జ్, ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, 525 గీతలు. దాన్ని నేరుగా మన సాకెట్లో పెడితే కాలిపోయేది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కాపాడినా దూరదర్శన్ బొమ్మ నిలిచేది కాదు. లండన్ నుంచి తెచ్చిన టీవీ సంగతి ఇంకా విచిత్రం. బ్రిటన్‌ది కూడా పాల్ పద్ధతే, కరెంటూ సరిపోతుంది. కానీ అక్కడ బొమ్మకూ శబ్దానికీ మధ్య 6 మెగాహెర్ట్జ్ ఎడం ఉంటే మన దగ్గర 5.5. అందువల్ల బొమ్మ వచ్చినా మాట వినిపించేది కాదు. ఇలాంటి ఇబ్బందులకు మందుగా అన్ని పద్ధతులనూ పట్టే మల్టీ సిస్టమ్ టీవీలు, వీసీఆర్‌లు అమ్మకానికి వచ్చాయి. సింగపూరు, దుబాయి దుకాణాల్లో అవి విరివిగా దొరికేవి.

ఈ తేడాల దెబ్బ ఎక్కువగా తగిలింది పెళ్లి క్యాసెట్లకు. ఇక్కడ పెళ్లి చేసుకుని అమెరికా వెళ్లిన అమ్మాయి తన పెళ్లి వీడియో క్యాసెట్‌ను అక్కడి వీసీఆర్‌లో పెడితే తెరమీద గీతలు తప్ప ఏమీ కనిపించేవి కావు, ఎందుకంటే క్యాసెట్ పాల్‌లో తీసింది, యంత్రం ఎన్‌టీఎస్‌సీది. డబ్బిచ్చి పద్ధతి మార్పించుకోవాలి, లేదా మల్టీ సిస్టమ్ యంత్రం కొనాలి. 1980, 90లలో విదేశాల్లోని తెలుగు కుటుంబాలు టీవీ, వీసీఆర్ కొనేటప్పుడు ముందుగా అడిగిన ప్రశ్న ఇదే, ఇంటి నుంచి వచ్చిన క్యాసెట్ ఇందులో ఆడుతుందా అని. టీవీ తీసుకుపోవడం గురించి ఆ రోజుల్లో ఎవరైనా గట్టిగా ఆలోచించారంటే దానికి కారణం ఆ క్యాసెట్లే.

1990: కువైట్‌లో వదిలేసినవి

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అక్కడున్న భారతీయులు బస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరారు. అక్కడి నుంచి ఎయిర్ ఇండియా 488 విమానాల్లో లక్షకు పైగా మందిని స్వదేశానికి చేర్చింది. రాయలసీమ వారూ వాళ్లలో ఉన్నారు. కట్టుబట్టలతో వచ్చినవారికి ఏళ్ల తరబడి కూడబెట్టి కొన్న సామాను ఏదీ దక్కలేదు. ఊరికి తేవాలని కొని, పెట్టె విప్పకుండా గదిలో దాచుకున్న టీవీలూ అందులో పోయాయి.

ఈ నష్టానికి తరువాత ఒక లెక్క కట్టారు. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1991లో పరిహార సంఘాన్ని ఏర్పాటు చేసి, ఇరాక్ చమురు ఆదాయంలో కొంత భాగాన్ని దానికి మళ్లించింది. దేశం వదిలి రావలసి వచ్చినందుకు మనిషికి 2,500 లేదా 4,000 డాలర్ల స్థిర పరిహారం ఇచ్చే వర్గం ఒకటి. సొంత ఆస్తి, ఇంటి సామాను, జీతం వంటి నష్టాలకు లక్ష డాలర్ల దాకా అర్జీ పెట్టుకునే వర్గం ఇంకొకటి. టీవీ, ఫ్రిజ్ లాంటివి ఈ రెండో దాని కిందికి వస్తాయి. మొత్తం 52.4 బిలియన్ డాలర్లు చెల్లించాక 2022లో ఆ పరిహారాల చెల్లింపు ముగిసింది. రశీదులు దాచుకోని కార్మికుడికి తన సామాను విలువ నిరూపించడం కష్టం. అందుకే విదేశంలో కొన్న వస్తువు బిల్లును వస్తువుతోపాటు ఉంచకుండా, దాని ఫొటో ఒకటి ఊరికి పంపి ఉంచడం మంచిదని ఈ నాటికీ చెప్పాలి.

2013 తరువాత

ట్యూబు టీవీల కాలంలో తెచ్చుకోవడానికి బరువే అడ్డు. 21 అంగుళాల పెట్టె ఇరవై కిలోలకు తక్కువ తూగేది కాదు. 29 అంగుళాలదైతే ఇద్దరు పట్టినా కష్టమే. పలక (ఫ్లాట్ ప్యానెల్) టీవీలు వచ్చాక ఆ అడ్డు తొలగింది. దుబాయి, సింగపూరు, బ్యాంకాక్ నుంచి వచ్చే విమానాల్లో టీవీ పెట్టెలు వరసకట్టాయి. అప్పటికి సుంకం లేని సామాను పరిమితి 35,000 రూపాయలు, చాలా టీవీలు ఆ లోపే సర్దుకునేవి. రూపాయి పడిపోతున్న 2013లో విదేశీ మారకం ఖర్చు తగ్గించే చర్యల్లో భాగంగా ప్రభుత్వం ఆగస్టు 26 నుంచి పలక టీవీని ఆ మినహాయింపులోంచి తీసేసింది. 35 శాతం సుంకం, దానిమీద సెస్సు కలిపి 36.05 శాతం కట్టాల్సి వచ్చింది. 2016 బ్యాగేజీ నియమాలు కూడా పలక టీవీని మినహాయింపు లేని వస్తువుల జాబితాలోనే ఉంచాయి. 2018లో సెస్సు స్థానంలో సాంఘిక సంక్షేమ సర్‌చార్జి వచ్చాక ఆ భారం 38.5 శాతమైంది. అంటే 50,000 రూపాయల విలువ కట్టిన టీవీకి 19,250 రూపాయలు. ఈ రేట్లు, పరిమితులు బడ్జెట్ల వేళ మారుతుంటాయి. కాపురం ఎత్తేసి శాశ్వతంగా తిరిగి వచ్చేవారికి నియమాలు వేరు. కాబట్టి తెచ్చేవారు బయలుదేరే నెలలో ఉన్న నియమం చూసుకోవాలి, పక్కింటివారు మూడేళ్ల కిందట కట్టిన మొత్తం కాదు.

ఈలోగా స్వదేశంలో ధరలు దిగివచ్చాయి. 2017లో వస్తుసేవల పన్ను మొదలైనప్పుడు పెద్ద టీవీల మీద 28 శాతం ఉండేది. 2019 జనవరి నుంచి 32 అంగుళాల దాకా 18 శాతానికి తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అంతకన్నా పెద్దవాటికీ 18 శాతమే. మదనపల్లె దుకాణంలో వాయిదాల మీద దొరికే టీవీని కువైట్ నుంచి మోసుకురావలసిన అవసరం తీరిపోయింది. గల్ఫ్ టీవీ ఇంటి పరువుగా ఉన్న కాలం అంతటితో ముగిసింది.

కరెంటు, ట్యూనర్

బయటికి వెళ్లేవారు ముందు చూడవలసింది టీవీ వెనక అతికించిన చీటీ. దానిమీద 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఆ టీవీ ప్రపంచంలో దాదాపు ఎక్కడైనా పనిచేస్తుంది. ప్లగ్ మారిస్తే చాలు. మన దేశంలో అమ్మే ఇప్పటి టీవీల్లో చాలావాటికి ఈ వెసులుబాటు ఉంది. అమెరికాలో అమ్మేవాటిలో అనేకం 120 వోల్టులకే కట్టుబడి ఉంటాయి. కాబట్టి ఇక్కడిది అక్కడికి తీసుకుపోవడం కన్నా అక్కడిది ఇక్కడికి తేవడంలోనే ప్రమాదం ఎక్కువ. చీటీ మీద 220 నుంచి 240 వోల్టులని మాత్రమే ఉన్న టీవీని అమెరికా, కెనడా, జపాన్‌లకు తీసుకుపోకూడదు. వోల్టేజీని పెంచే ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది గానీ, రోజుకు ఐదారు గంటలు నడిచే వస్తువు పక్కన వేడెక్కే ఇనుప పెట్టెను ఎల్లకాలం ఉంచుకోవడం మంచి ఏర్పాటు కాదు.

రెండోది ట్యూనర్, అంటే యాంటెన్నా నుంచి నేరుగా ప్రసారాన్ని పట్టే భాగం. పాత పాల్, ఎన్‌టీఎస్‌సీ పోయాయి. అమెరికా పెద్ద ప్రసార కేంద్రాలు 2009 జూన్ 12న పాత పద్ధతిని ఆపేశాయి. మన దూరదర్శన్ కూడా 2022 నాటికి కొన్ని చోట్ల తప్ప ఆ ట్రాన్స్‌మిటర్లను మూసేసింది. వాటి స్థానంలో వచ్చిన డిజిటల్ పద్ధతులు కూడా దేశానికో తీరు. అమెరికా, కెనడా, దక్షిణ కొరియాలది ఏటీఎస్‌సీ. ఐరోపా, ఆస్ట్రేలియా, సింగపూరులవి డీవీబీ కుటుంబానివి. జపాన్, బ్రెజిల్‌లవి ఐఎస్‌డీబీ. మన ఇళ్లకు కార్యక్రమాలు కేబుల్ నుంచో డిష్ నుంచో సెట్ టాప్ బాక్సు ద్వారా వస్తాయి కాబట్టి ఇక్కడ అమ్మిన చాలా టీవీల్లో డిజిటల్ ట్యూనరే ఉండదు. ఆ టీవీ సిడ్నీలో యాంటెన్నా పెట్టినా అక్కడి ఉచిత ఛానళ్లు చూపించదు.

అయితే ఈ లోపం ఇప్పుడు పెద్దది కాదు. హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్న టీవీకి ఏ దేశపు బాక్సయినా, చిన్న స్ట్రీమింగ్ స్టిక్ అయినా తగిలించవచ్చు. టీవీ అప్పుడు తెరగా మాత్రమే పనిచేస్తుంది, మిగతా పని బయటి పరికరానిది. ముప్పై ఏళ్లు కుటుంబాలను ఇబ్బంది పెట్టిన ప్రసార పద్ధతుల గొడవను తీర్చింది ఈ ఒక్క హెచ్‌డీఎంఐ తీగే. స్మార్ట్ టీవీలో మొదట ఎంచుకున్న దేశాన్ని బట్టి దొరికే యాప్‌లు మారతాయి. కొత్త దేశంలో మళ్లీ మొదటినుంచి సెట్ చేస్తే చాలావరకు సరిపోతుంది. వారంటీ మాత్రం సాధారణంగా కొన్న దేశం దాటదు. పలక పగిలినా, బోర్డు పోయినా అక్కడ ఆ నమూనా విడిభాగం దొరకడం కష్టం.

కొలతలు, కార్గో

టీవీ అంగుళాలు ఐమూల కొలత. 32 అంగుళాల తెర దాదాపు 71 సెంటీమీటర్ల వెడల్పు, 40 ఎత్తు. 43 అంగుళాలది 95కు 54. 55 అంగుళాలది 122కు 69. చాలా విమాన సంస్థలు మామూలు సామానుకు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదంటాయి. అట్టపెట్టెతో కలిపి 32 అంగుళాలది ఆ లోపు సర్దుకోవచ్చు. 43 సర్దుకోదు. దాటితే అదనపు రుసుము. అమెరికాకు వెళ్లే విద్యార్థికి మామూలుగా 23 కిలోల పెట్టెలు రెండు దొరుకుతాయి. ఆవకాయ, కారప్పొడి, ప్రెషర్ కుక్కర్, చలిబట్టలు, పుస్తకాలకే అవి చాలవు. అందులో ఒకదాన్ని టీవీకి ఇచ్చేయడం తెలివైన పని కాదని ఏ తల్లయినా చెబుతుంది.

విమానంలో వేసిన టీవీ పగిలితే వచ్చేది కూడా తక్కువే. మాంట్రియల్ ఒప్పందం కింద సామాను నష్టానికి విమాన సంస్థ బాధ్యత ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లకు మించదు. 2024 డిసెంబరు 28 నుంచి అమల్లో ఉన్న పరిమితి ఇది. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కలకు వాడే ప్రమాణం. వస్తువు సున్నితం కావడం వల్లే పగిలిందని తేలితే ఆ బాధ్యత కూడా ఉండదు. సున్నితమైన వస్తువు అప్పగించినప్పుడు చాలా సంస్థలు ముందే సంతకం పెట్టించుకుంటాయి.

ఓడ కార్గోలో లెక్క ఘనమీటర్లలో ఉంటుంది. 55 అంగుళాల టీవీ పెట్టె ఘనమీటరులో ఐదోవంతు ఆక్రమిస్తుంది. దాన్నొక్కదాన్నే పంపితే కనీస రుసుము, రేవు ఖర్చులు, ఏజెంటు కూలి కలిసి కొత్త టీవీ ధరను మించిపోతాయి. మంచాలు, బీరువాలు, పుస్తకాలతో సహా ఇల్లంతా పంపేవారికి మాత్రం టీవీ వల్ల పెరిగే ఖర్చు స్వల్పం. కంపెనీ సామాను ఖర్చు భరించే ఉద్యోగి తన మంచి టీవీని తీసుకుపోవడంలో తప్పేమీ లేదు, చీటీ మీద వోల్టేజీ సరిపోతే చాలు. పంపేటప్పుడు పలకను నిలువుగానే ఉంచాలి, పడుకోబెడితే దాని బరువే దాన్ని విరుస్తుంది. కొన్ననాటి అట్టపెట్టె, లోపలి థర్మోకోల్ దాచుకున్నవారికి సగం భద్రత అక్కడే దొరికినట్టు. సొంతంగా కట్టిన పెట్టెలో పగిలినదానికి రవాణా బీమాలు సాధారణంగా డబ్బివ్వవు, ప్యాకింగ్ కంపెనీ కట్టినదానికే ఇస్తాయి. పైకి దెబ్బ కనిపించకుండా లోపల చెడిపోయినదానికి మామూలు పాలసీలో చోటు లేదు.

అక్కడి కస్టమ్స్ గురించి భయం అక్కరలేదు. వాడిన ఇంటి సామానును చాలా దేశాలు సుంకం లేకుండా రానిస్తాయి, కాకపోతే ఎంతకాలం వాడారన్నది చూస్తాయి. అమెరికా కనీసం ఏడాది వాడి ఉండాలంటుంది. ఆస్ట్రేలియాదీ ఏడాది లెక్కే. బ్రిటన్‌కు వెళ్లేవారు అక్కడికి మారేముందు ఏడాది బయట నివసించి, వస్తువు ఆరు నెలలు తమ దగ్గర ఉన్నట్టు చూపి ముందుగా అనుమతి తీసుకోవాలి. కెనడాకు తరువాత వచ్చే సామాను జాబితాను మొదటి రోజే విమానాశ్రయంలో ఇవ్వాలి. వీసా రాగానే ముచ్చటపడి కొత్త టీవీ కొని పెట్టెలో వేసేవారు ఈ నియమాల్లోనే చిక్కుకుంటారు.

దేశాన్ని బట్టి

కువైట్‌లో టీవీ తీసుకుపోవాలా అన్నది వీసాను బట్టి తేలిపోతుంది. ఇంటిపనివారిది 20వ నంబరు వీసా, కంపెనీ కార్మికులది 18. కుటుంబాన్ని తెచ్చుకునేవారిది 22. ఈ చివరిదానికి 2024 జనవరిలో కనీస జీతం 800 దినార్లుగా నిర్ణయించారు. మన ప్రాంతం నుంచి వెళ్లేవారిలో అది అందేవారు కొద్దిమందే. ఫర్వానియా, మహబూలా వంటి చోట్ల ఒక్కో గదిలో నలుగురైదుగురు కలిసి ఉండేవారు అందరూ తలా కొంత వేసుకుని టీవీ కొంటారు. ఒకరు ఊరికి వెళ్లిపోతే వాటా మరొకరికి మారుతుంది. అల్ రాయ్‌లోని శుక్రవారం సంతలో వాడిన టీవీలు చవగ్గా దొరుకుతాయి. కువైట్‌లో విలువ ఆధారిత పన్ను లేదు కాబట్టి కొత్తవీ అందుబాటులోనే ఉంటాయి. పరికరం మన దేశానిదైనా అక్కడ చక్కగా పనిచేస్తుంది, అయినా తీసుకుపోవడానికి కారణం కనబడదు.

కరెంటు వేరు కాబట్టి అమెరికాకు మామూలుగా తీసుకుపోవద్దు. సింగపూరు, ఆస్ట్రేలియాల్లో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కాబట్టి ఇంటి సామానంతా పోతుంటే తీసుకుపోవచ్చు. బ్రిటన్‌కు వెళ్లేవారు ఇంకొకటి తెలుసుకోవాలి: అక్కడ టీవీ లైసెన్సు ఇప్పటికీ ఉంది, 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174.50 పౌండ్లయింది. టీవీ ఇంట్లో ఉన్నందుకు కాదు ఆ రుసుము, ప్రత్యక్ష ప్రసారం చూసినందుకు, బీబీసీ ఐప్లేయర్ వాడినందుకు. ఫోన్లో యాప్ ద్వారా తెలుగు వార్తా ఛానల్‌ను ప్రసారమవుతుండగా చూసినా అది వర్తిస్తుంది. తరువాత తీరిగ్గా చూసే సినిమాకు వర్తించదు.

తెరమీద ఏ భాష

కుప్పం ఇళ్లలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. అత్తగారు తమిళ సీరియల్, మామగారు తెలుగు వార్తలు, పిల్లలు కన్నడ సినిమా చూసే ఇల్లు అక్కడ వింత కాదు. మదనపల్లె, పుంగనూరుల్లో బెంగళూరు రాకపోకల వల్ల కన్నడం చాలామందికి చెవికి తెలుసు. ఇలాంటి కుటుంబం విదేశానికి వెళితే టీవీ ఏ కంపెనీదన్నది కాదు, ఈ మూడు భాషలూ ఒకచోట దొరికే ఏర్పాటేదన్నదే ప్రశ్న.

తొలినాళ్లలో దానికి క్యాసెట్టే దిక్కు. 1995లో జెమిని, ఈటీవీ మొదలై ఉపగ్రహ ప్రసారాలు పెరిగాక గల్ఫ్‌లో డిష్‌లు లేచాయి. కొందరు ఇక్కడి డీటీహెచ్ బాక్సులనే అక్కడికి పట్టుకుపోయి, ఊళ్లో రీఛార్జి చేయించుకుని చూశారు. ఆ సేవలకు అనుమతి మన దేశానికే పరిమితం. ఎమిరేట్స్ అధికారులు వాటిని నిషేధించారు. ఇప్పుడు ఆ అడ్డదారి అక్కరలేదు. అమెరికాలో డిష్ నెట్‌వర్క్ తెలుగు ప్యాకేజీలు, ఎక్కడైనా యప్ టీవీ వంటి ఇంటర్నెట్ సేవలు, ఛానళ్ల సొంత యాప్‌లు, యూట్యూబ్ ఉన్నాయి. ఇక్కడ చెల్లించిన చందాతో అక్కడ అన్ని సినిమాలూ రావు, హక్కులు దేశాలవారీగా అమ్ముతారు కాబట్టి. టీవీ మోసుకుపోవాలా అని వారాల తరబడి ఆలోచించేవారు దానికన్నా ఈ చందాల సంగతి ముందు కనుక్కోవడం మేలు.

ఊళ్లో మిగిలేవాళ్లు

టీవీని ఇక్కడే వదలడానికి అన్నిటికన్నా గట్టి కారణం వోల్టేజీ కాదు, సుంకమూ కాదు. కొడుకో కూతురో విదేశానికి వెళ్లిన ఇంట్లో అరవై దాటిన ఇద్దరు మిగులుతారు. ఊళ్లోని ఇంట్లో పాత టీవీ ఉండి, బెంగళూరు అద్దె ఇంట్లో పెద్ద స్మార్ట్ టీవీ ఉంటే, ఆ పెద్దది అమ్మకుండా ఊరికి చేర్చడం ఇప్పుడు చాలామంది చేస్తున్న పని, చేయవలసిన పని కూడా. వాడిన టీవీ అమ్మితే వచ్చేది స్వల్పం. పెద్ద తెరమీద తల్లిదండ్రులకు అక్షరాలు కనిపిస్తాయి. స్మార్ట్ టీవీకి సరిపడే కెమెరా తగిలిస్తే మనవరాలి ముఖం అరచేతిలో కాక గోడంత కనిపిస్తుంది. ఫోను కంటికి దూరంగా పెట్టుకుని కళ్లు చికిలించే తాతకు ఆ తేడా ఎంతో నేను చెప్పనక్కరలేదు.

చేర్చేటప్పుడు కొన్ని పనులు తప్పవు. పల్లెల్లో వోల్టేజీ ఎగుడుదిగుడులు ఎక్కువ కాబట్టి మంచి స్టెబిలైజర్ ఉండాలి. ఉరుము, మెరుపు వచ్చినప్పుడు కేబుల్ తీగ కూడా పీకేయమని చెప్పాలి. డీటీహెచ్ ఖాతాను తల్లిదండ్రుల పేరు మీద, విదేశం నుంచి రీఛార్జి చేసే వీలుతో పెట్టాలి. నెల నెలా రుసుము వద్దనుకునేవారికి దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉంది, ఒకసారి డిష్, బాక్సు కొంటే సరిపోతుంది. మూలనపడిన ట్యూబు టీవీని పాత సామాన్లవాడికి వేయకూడదు. దాని గాజులో సీసం ఉంటుంది, పగలగొడితే ఆ ధూళి ప్రమాదం. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం నమోదైన రీసైక్లర్లకే అది చేరాలి. కొత్త టీవీ కొనేటప్పుడు దుకాణం ద్వారా మార్పిడికి ఇవ్వడం ఒక దారి.

రిమోట్ మీద వాడే నాలుగైదు బటన్లేవో చూపించి, ఖాతాల్లోకి ముందే ప్రవేశించి ఉంచి, వైఫై పాస్‌వర్డ్‌ను పెద్ద అక్షరాలతో రాసి గోడకు అతికించడం బయలుదేరేముందు వారం రోజుల్లోనే జరగాలి. అమెరికాలో పగలైనప్పుడు ఇక్కడ రాత్రి. తెర నల్లగా అయిపోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు ఏ బటన్ నొక్కాలో అంత దూరం నుంచి చెప్పి చేయించడం ఇద్దరికీ కష్టం. వీధిలో నమ్మకమైన కేబుల్ కుర్రాడో, మెకానిక్కో ఉంటే అతని నంబరు కూడా ఆ కాగితం మీదే రాసి ఉంచాలి.